30 శాతం చార్జింగ్ ఉన్నా చలికి ఫోన్ ఎందుకు ఆగిపోతుంది?

ధనుర్మాసం. బిష్టుపూర్‌లో తెల్లవారుజామున ఐదు దాటింది. ఖర్కాయ్ నది వైపు నుంచి వచ్చిన పొగమంచు మెయిన్ రోడ్డు దీపాలను కమ్మేసి ఉంది. మఫ్లర్ చుట్టుకుని రామమందిరానికి బయల్దేరిన పెద్దాయన ఒకరు గుడి ముందు ఆగి, విశాఖలో ఉన్న కూతురికి పంపుదామని ఫొటో తీయబోయారనుకుందాం. తెర మీద 30 శాతం చార్జింగ్ కనిపిస్తోంది. కెమెరా నొక్కారు. తెర నల్లబడింది. ఎంతసేపు బటన్ నొక్కిపట్టినా లేవలేదు.

ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ఒకసారి చూద్దామని ఆన్ చేస్తే ఫోన్ మామూలుగా లేచింది. చార్జర్ పెట్టలేదు. అయినా 27 శాతం ఉంది.

"రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోయారేమో నాన్నా" అంటుంది కూతురు. "లేదమ్మా, 30 ఉందని చూసుకునే బయల్దేరాను" అంటారాయన. ఇద్దరిదీ తప్పు లేదు. ఫోన్ కూడా అబద్ధం చెప్పలేదు. ఆ 30 శాతం నిజంగానే బ్యాటరీలో ఉంది. దాన్ని ఫోన్‌కు కావలసినంత వేగంగా బయటికి ఇవ్వడం ఆ చలిలో బ్యాటరీకి చేతకాలేదు, అంతే.

ఈ చిన్న తేడా అర్థమైతే చలికాలం ఫోన్ కష్టాల్లో సగం అర్థమైనట్టే. అర్థం కాకపోతే జరిగేది మనకు తెలిసిందే. ఫోన్ పాడైందని కొత్తది కొంటాం, లేదా చలికి చార్జింగ్ ఆవిరైపోతుందని నమ్మి రోజంతా చార్జర్‌కు తగిలించి ఉంచుతాం. మొదటిది జేబుకు చిల్లు, రెండోది బ్యాటరీకి చేటు.

ఒకప్పుడైతే ఫోన్ ఆగిపోతే మహా అయితే ఒక కాల్ పోయేది. ఇప్పుడు టాటానగర్ స్టేషన్లో రైలు టికెట్ అందులోనే, ఆటోకు ఇవ్వాల్సిన డబ్బులు అందులోనే, ఆస్పత్రి రిపోర్టులు అందులోనే. పొద్దున్నే ఆర్డర్లు పట్టుకుని బిష్టుపూర్ నుంచి సాక్చీకి, కద్మాకు, సోనారీకి తిరిగే డెలివరీ కుర్రాడికైతే ఫోన్ ఆగిందంటే ఆ పూట కూలి ఆగినట్టే.

సీసాలో గడ్డకట్టిన కొబ్బరి నూనె

జంషెడ్‌పూర్‌లో డిసెంబరు వచ్చిందని చెప్పడానికి క్యాలెండర్ అక్కర్లేదు, స్నానాల గదిలోని కొబ్బరి నూనె సీసా చాలు. సుమారు 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. నూనె ఎక్కడికీ పోలేదు, సీసా నిండుగానే ఉంది. తలకిందులు చేసినా చుక్క రాదు. పొయ్యి పక్కన కాసేపు పెడితే మళ్లీ ధారగా వస్తుంది. చలిలో బ్యాటరీ పరిస్థితికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

ఫోన్లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దానికి రెండు పక్కలు. ఒక పక్క గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే. రెండో పక్క ఎక్కువ ఫోన్లలో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. రెండింటి మధ్య పలుచటి ప్లాస్టిక్ పొర, దాన్ని తడిపి ఉంచే ద్రవం. ఆ ద్రవాన్ని ఎలక్ట్రోలైట్ అంటారు. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఈదుకుంటూ వెళ్లి గ్రాఫైట్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. ఫోన్ వాడుతున్నప్పుడు అక్కడి నుంచి బయటపడి రెండో పక్కకు తిరిగి వస్తాయి. అవి లోపల ఎంత వేగంగా ప్రయాణిస్తే బయట తీగలో అంత కరెంటు పారుతుంది.

ఈ అమరికకు పునాది వేసిన స్టాన్లీ విటింగ్‌హామ్, జాన్ గుడినఫ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. సోనీ కంపెనీ 1991లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ మూడు దశాబ్దాల్లో బ్యాటరీలో పట్టే శక్తి బాగా పెరిగింది. చలికి ముడుచుకునే స్వభావం మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే అసలు చిక్కు ఆ ద్రవంలో ఉంది. అందులో ఇథిలీన్ కార్బొనేట్ అనే పదార్థం తప్పనిసరి. మొదటిసారి చార్జ్ చేసినప్పుడు అది గ్రాఫైట్ మీద ఒక సన్నటి రక్షణ పొరను ఏర్పరుస్తుంది. ఆ పొర లేకపోతే గ్రాఫైట్ అట్టలు అట్టలుగా ఊడిపోతుంది. కానీ ఇథిలీన్ కార్బొనేట్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. విడిగా ఉంచితే అది సుమారు 36 డిగ్రీల దగ్గర గానీ కరగదు. అంటే మన ఊళ్లలో చాలా రోజులు అది గడ్డగానే ఉంటుంది! అందుకే పలుచగా పారే వేరే కార్బొనేట్లను దానికి కలిపి ద్రవంగా నిలబెడతారు. ఉష్ణోగ్రత పడిపోయే కొద్దీ ఈ మిశ్రమం చిక్కబడుతుంది, అయాన్ల ఈత మందగిస్తుంది.

అది సగం కథే. ఈది వచ్చిన అయాన్ తన చుట్టూ అంటుకున్న ద్రవం అణువులను వదిలించుకుని, ఆ రక్షణ పొరను దాటి, అవతలి పదార్థంలోకి దూరాలి. ఈ గడప దాటడానికి అది కొంత శక్తిని కూడగట్టుకోవాలి, ఆ శక్తి వచ్చేది వేడి నుంచే. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ 1889లో చెప్పిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. ఉష్ణోగ్రత తగ్గితే రసాయన చర్యల వేగం సమంగా కాదు, అంతకంతకూ పడిపోతుంది. పది డిగ్రీలకు వేగం సుమారు సగమవుతుందని విద్యార్థులు గుర్తుపెట్టుకునే మోటు లెక్క ఒకటుంది. అన్ని చర్యలకూ అది కచ్చితంగా సరిపోదు గానీ, అంచనాకు చాలు.

లెక్కలో చూస్తే

అయాన్లు నెమ్మదించడాన్ని ఇంజనీర్లు అంతర్గత నిరోధం అంటారు. ట్యాంకులో నీళ్లున్నా పైపు సన్నబడితే కుళాయిలో ధార తగ్గినట్టే ఇది. కుళాయి కొంచెమే తిప్పితే తేడా తెలియదు, పూర్తిగా తిప్పినప్పుడే బయటపడుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికి తీసుకున్నవే, ఫోన్‌ను బట్టి మారతాయి. 30 శాతం చార్జింగ్ దగ్గర బ్యాటరీ వోల్టేజి 3.75 అనుకుందాం. కెమెరా, తెర వెలుగు, 5జి సిగ్నల్ కోసం వెతుకులాట అన్నీ ఒకేసారి కలిసి ఒక్క క్షణం 2 ఆంపియర్ల కరెంటు లాగాయి. బ్యాటరీ కొత్తదైతే దాని నిరోధం 0.1 ఓం ఉంటుంది. రెండింటినీ గుణిస్తే 0.2 వోల్టులు తగ్గి 3.55 మిగులుతుంది. ఫోన్‌కు ఇబ్బంది లేదు. అదే మూడేళ్లు వాడిన బ్యాటరీ అయితే నిరోధం 0.2 ఓంకు చేరి ఉండవచ్చు. 0.4 తగ్గి 3.35 మిగులుతుంది. ఫోన్ ఎలాగో నెట్టుకొస్తుంది. ఇప్పుడు ఆ పాత బ్యాటరీనే పది డిగ్రీల చలిలోకి తీసుకెళ్లండి. నిరోధం 0.35కు పెరిగిందనుకుంటే 0.7 వోల్టులు పోయి 3.05 మిగులుతుంది. ప్రాసెసర్‌కు కావలసిన కనీస వోల్టేజి కన్నా అది దిగువ. వోల్టేజి హద్దు దాటి పడిపోతే పని మధ్యలో సమాచారం చెడిపోవచ్చు, అందుకని ఫోన్‌లోని రక్షణ వ్యవస్థ ఆ క్షణమే సరఫరా తెంచేస్తుంది. "చార్జింగ్ తక్కువగా ఉంది" అని హెచ్చరించే వ్యవధి కూడా ఉండదు.

ఇదే లెక్కలో చలి, వయసు, ఒక్కసారిగా పడే భారం మూడూ ఉన్నాయని గమనించండి. ఏ ఒక్కటి లేకపోయినా ఫోన్ ఆగేది కాదు. పెద్దాయన జేబులో ఫోన్ ఊరికే ఉన్నంతసేపూ బాగానే ఉంది. కెమెరా నొక్కినప్పుడే ఆగింది. ఇంట్లో ఒళ్లు వేడెక్కగానే నిరోధం తగ్గింది, ఫోన్ లేచింది.

మరి తెర మీది శాతం? అది ట్యాంకులో గేజీ లాంటిది కాదు. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్లింది, ఎంత వచ్చింది అని ఒక చిప్ లెక్కపెట్టుకుంటూ, మధ్యమధ్యలో వోల్టేజితో సరిచూసుకుంటూ వేసే అంచనా. చలిలో వోల్టేజి తగ్గి కనిపించేసరికి ఆ అంచనా తడబడుతుంది. 40 నుంచి ఒక్కసారిగా 15కు దూకడం, మళ్లీ పెరగడం అందువల్లనే.

పది డిగ్రీలు ఒక చలేనా?

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. జంషెడ్‌పూర్‌లో డిసెంబరు చివర, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. బాగా చలి పట్టిన రాత్రుల్లో ఏడెనిమిదికి దిగుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోవచ్చని యాపిల్ కంపెనీయే చెబుతుంది. ఇతర ఫోన్ల హద్దులు కూడా కింది వైపు దాదాపు ఇంతే. అంటే మన ఊరి చలి ఏ ఫోన్‌కూ హద్దు దాటినది కాదు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ పది డిగ్రీల్లో కొంచెం మందగిస్తుందే తప్ప చతికిలబడదు.

యాపిల్ చెప్పిన రెండో అంకెను మళ్లీ చూడండి. 35 డిగ్రీలు. జంషెడ్‌పూర్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎన్ని మధ్యాహ్నాలు దానికి లోపల ఉంటాయి? 42, 43 మామూలే, 44 దాటే రోజులూ ఉంటాయి. అంటే ఫోన్ తన హద్దును దాటి బతికేది వేసవిలో. శీతాకాలంలో కాదు.

నా అభిప్రాయంలో అసలు కథ ఇదే. చలి ఒక పరీక్ష పెడుతుంది, బ్యాటరీ ఆరు నెలల ముందే ఎండలో దెబ్బతిని ఉంటుంది. వేడి చర్యలన్నిటినీ వేగవంతం చేస్తుంది, మనకు అక్కర్లేని చర్యలతో సహా. గ్రాఫైట్ మీది రక్షణ పొర మందమవుతూ పోతుంది. ఆ పొర మందమైతే అయాన్లు దాటడం కష్టం, పైగా కొంత లిథియం ఆ పొరలోనే శాశ్వతంగా ఇరుక్కుపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఈ నష్టం ఇంకా ఎక్కువ. బ్యాటరీల రంగంలో తరచూ ఉదహరించే ఒక పట్టిక ప్రకారం, 40 శాతం చార్జింగ్‌తో 25 డిగ్రీల్లో ఏడాది పాటు ఊరికే ఉంచిన బ్యాటరీ సామర్థ్యం దాదాపు 96 శాతం మిగులుతుంది. అదే నూరు శాతం నింపి 40 డిగ్రీల్లో ఉంచితే 65 శాతమే మిగులుతుంది. ఒక్కసారి కూడా వాడకుండానే మూడో వంతు పోయిందన్నమాట.

డెలివరీ కుర్రాడి ఫోన్‌ను ఒకసారి తలచుకోండి. మే నెల మధ్యాహ్నం, బండి హ్యాండిల్ మీద నేరుగా ఎండకు తగిలించి ఉంటుంది. ఎండలో మ్యాప్ కనబడాలని తెర వెలుగు పూర్తిగా పెంచి ఉంటుంది. జీపీఎస్ ఆన్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ ఆగకుండా నడుస్తుంది. ఇన్ని చేస్తే చార్జింగ్ నిలవదు కాబట్టి పవర్ బ్యాంకు వైరు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. బ్యాటరీని చంపడానికి ప్రయోగశాలలో ఎవరైనా ఒక పరీక్ష తయారు చేయమంటే అచ్చం ఇలాగే చేస్తారు. ఎండ, లోపలి వేడి, ఎడతెగని చార్జింగ్, ఎప్పుడూ నిండుగా ఉండటం. అతనికి వేరే దారి లేదు, అది వేరే విషయం. కానీ డిసెంబరు తెల్లవారుజామున ఆర్డర్ చేతికి వచ్చిన క్షణంలో ఫోన్ ఆగిపోతే, దానికి పునాది మేలోనే పడింది.

ఆ హ్యాండిల్ మీది ఫోన్‌కు శీతాకాలంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గాలి ఎంత వేగంగా కొట్టినా ఫోన్ ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కన్నా కిందికి పోదు. కానీ ఫోన్ తనంతట తాను పుట్టించుకునే కాస్త వేడిని ఆ గాలి ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది. జేబులో పాతిక డిగ్రీలు ఉండాల్సిన బ్యాటరీ హ్యాండిల్ మీద పదికి వచ్చేస్తుంది.

యాపిల్ ఒప్పుకున్న రోజు

ఇదంతా సిద్ధాంతమేమో అనిపిస్తే, ప్రపంచంలోనే పేరుమోసిన కంపెనీ ఒకటి దీనివల్ల కోర్టుల చుట్టూ తిరిగిన వైనం చూడండి. 2016లో ఐఫోన్ 6, 6ఎస్ వాడేవారు ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. చార్జింగ్ ఉండగానే ఆగేవి. 2017 జనవరిలో యాపిల్ ఐఓఎస్ 10.2.1 అనే అప్‌డేట్ పంపింది. ఆగిపోవడం తగ్గింది. సంతోషించారు. కానీ ఫోన్లు నెమ్మదించాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

అదే ఏడాది డిసెంబరులో, ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ అనే పరీక్ష ఫలితాలను వేలల్లో పోగేసి చూసిన దాని రూపకర్త ఒకరు అసలు సంగతి బయటపెట్టారు. బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేరే తగ్గిస్తోందని ఆ అంకెలు చూపాయి. రోజుల్లోనే యాపిల్ ఒప్పుకుంది. చలిలో ఉన్నా, చార్జింగ్ తక్కువగా ఉన్నా, వయసు మీరినా లిథియం అయాన్ బ్యాటరీ ఒక్కసారిగా పడే భారాన్ని మోయలేదని, ఫోన్ ఆగిపోకుండా ఆ భారాన్ని తగ్గించేందుకే అలా చేశామని వివరించింది. సాంకేతికంగా ఆ వివరణలో తప్పు పట్టడానికి లేదు. పైన మనం వేసిన లెక్కలో నిరోధాన్ని తగ్గించలేం కాబట్టి కరెంటును తగ్గించారు. 2 ఆంపియర్ల చోట ఒకటిన్నర లాగితే అదే పాత బ్యాటరీ చలిలోనూ నిలబడుతుంది.

తప్పల్లా చెప్పకుండా చేయడమే. కొత్త బ్యాటరీ వేస్తే సరిపోయే ఫోన్‌ను, నెమ్మదించిందని పారేసి ఎందరు కొత్త ఫోన్ కొన్నారో! డిసెంబరు 28న యాపిల్ క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు తగ్గించింది. 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యం ఎంత ఉందో చూపే సదుపాయం ఇచ్చింది. అదే ఏడాది ఇటలీ, ఇలాంటి వ్యవహారంలోనే యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోలు వేసింది. అమెరికాలో వినియోగదారుల దావా తేల్చుకోవడానికి యాపిల్ 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు ఒప్పుకుంది. ఈరోజు మీ ఐఫోన్ సెట్టింగుల్లో బ్యాటరీ ఆరోగ్యం శాతంలో కనబడుతోందంటే అది ఆ గొడవ పుణ్యమే.

అసలు చలి ఉన్న చోట

మన తెలుగు నేలలో చలి సున్నా దరిదాపులకు వెళ్లే చోట్లు లేకపోలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి శీతాకాలంలో పొగమంచు చూడటానికి జనం తెల్లవారకముందే చేరుకుంటారు. అక్కడ ఫోన్ ఆగిపోవడానికి కావలసినవన్నీ కుదురుతాయి. చలి, అంతంతమాత్రపు సిగ్నల్ కోసం ఫోన్ పడే ఆరాటం, వరసగా ఫొటోలు, వీడియోలు.

అమెరికా వెళ్లిన మన పిల్లలు ఇంకా పెద్ద పాఠం నేర్చుకుంటారు. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 30 డిగ్రీలకు పడిపోయింది. మైనస్ 20 దగ్గరే మామూలు లిథియం అయాన్ బ్యాటరీ ఇవ్వగలిగింది సగం దగ్గరికి పడిపోవచ్చు. అలాంటి చోట చేతిలో ఫోన్ పట్టుకుని బస్సు కోసం నిలబడితే కొత్త ఫోనైనా ఆగుతుంది. ఇక్కడ నేరం పూర్తిగా చలిదే.

ఇంకా చలి కావాలంటే చంద్రుడి దాకా వెళ్లాలి. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగింది. పద్నాలుగు రోజుల పగలు ముగిసే ముందు ప్రజ్ఞాన్ బ్యాటరీని పూర్తిగా నింపి, సెప్టెంబరు 22న మళ్లీ సూర్యుడు వచ్చేసరికి లేస్తుందేమో చూద్దామని ఇస్రో దాన్ని నిద్రపుచ్చింది. చంద్రుడి రాత్రి మైనస్ 180 డిగ్రీల కన్నా దిగువకు పోతుంది. ప్రజ్ఞాన్ గానీ, విక్రమ్ గానీ లేవలేదు. వాటిని తయారు చేసిందే ఒక్క పగటి కోసం కాబట్టి అది వైఫల్యం కాదు. కాకపోతే బిష్టుపూర్ ఫోన్‌కూ వాటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ద్రవం చిక్కబడిన బ్యాటరీ వేడెక్కితే కోలుకుంటుంది. అంత చలిలో బిగుసుకుపోయిన పరికరాల సంగతి వేరు.

నిజంగా హాని చేసేది చలిలో చార్జింగ్

చలిలో వాడటం వల్ల ఫోన్ ఆగుతుందే తప్ప బ్యాటరీకి పెద్దగా శాశ్వత నష్టం జరగదు. సున్నా కింద చార్జ్ చేస్తే జరుగుతుంది. గ్రాఫైట్ పొరల్లోకి దూరడానికి అయాన్లకు వేగం చాలదు, వెనక నుంచి చార్జర్ తోస్తూనే ఉంటుంది. లోపలికి పోలేనివి పైనే లోహంగా పేరుకుంటాయి. ఆ లిథియం మళ్లీ పనికిరాదు. ముళ్లలాగా పెరిగితే మధ్య పొరను పొడిచి లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే మంచి ఫోన్లు సున్నా కింద చార్జింగ్ ఆపేస్తాయి, సుమారు పది డిగ్రీల కింద వేగం తగ్గిస్తాయి, 45 పైన కూడా జాగ్రత్త పడతాయి. జనవరి రాత్రి వరండాలో పెట్టిన ఫోన్ ఫాస్ట్ చార్జర్‌తో కూడా నెమ్మదిగా ఎక్కుతోందంటే చార్జర్‌ను తిట్టుకోనక్కర్లేదు.

జంషెడ్‌పూర్‌లో సున్నా రాదు కాబట్టి ఈ ప్రమాదం మనకు దూరమే. మనవాళ్లు చేసే పొరపాటు రెండో వైపుది. చల్లబడి ఆగిన ఫోన్‌ను కుంపటి పక్కనో, రూమ్ హీటర్ ముందో పెట్టడం. బ్యాటరీ ఒక పక్క అతిగా వేడెక్కుతుంది, ఉబ్బుతుంది. చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పది నిమిషాలు ఉంచితే చాలు. ఒంటి వేడి కన్నా సరైన హీటర్ ఫోన్‌కు లేదు. అలాగే చల్లటి బయటి నుంచి ఆవిరి పట్టిన వంటింట్లోకి వచ్చిన వెంటనే చార్జర్ గుచ్చకండి. కళ్లద్దాలకు పట్టినట్టే పోర్టులో కూడా తేమ పట్టి ఉంటుంది.

బయటికి వెళ్లేటప్పుడు ఫోన్ లోపలి జేబులో ఉంటే సగం సమస్య రాదు. బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే భారం తగ్గుతుంది కాబట్టి అది నిజంగానే పనికొస్తుంది. పాత ఫోనైతే చలికాలంలో 30ని 10గా భావించి బయల్దేరాలి. రైలు ఎక్కాల్సిన రోజు పీఎన్ఆర్ నంబరు, ఇంట్లోవాళ్ల రెండు నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. పవర్ బ్యాంకు సంచి అడుగున చల్లగా పడి ఉంటే దానిదీ ఇదే గతి, అందులోనూ ఉన్నది ఈ రసాయనమే.

అన్నిటికన్నా పనికొచ్చే మాట, చలికాలం పెట్టిన పరీక్ష ఫలితాన్ని చదవడం నేర్చుకోవడం. పది డిగ్రీల్లో 30 శాతం దగ్గర ఫోన్ రెండు మూడు సార్లు ఆగిందంటే బ్యాటరీ వయసు అయిపోయినట్టు. ఫోన్ వయసు కాదు. బ్యాటరీ మార్పిస్తే ఇంకో రెండేళ్లు నడిచే అవకాశం బాగా ఉంటుంది. అయితే మార్కెట్లో కంపెనీ పేరు ముద్రించిన నకిలీ బ్యాటరీలు కొల్లలు. నాకూ ఒకసారి అంటగట్టారు. మూడో నెలకే ఫోన్ వెనక అట్ట పైకి లేచింది. కొన్ని వందలు ఎక్కువైనా బిల్లు, వారంటీ ఇచ్చేచోట వేయించడమే మేలు. యూరప్‌లో 2025 జూన్ నుంచి అమ్మే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. 2027 ఫిబ్రవరి నుంచి వినియోగదారుడే బ్యాటరీ తీసి మార్చుకోగలిగేలా ఉండాలన్న నిబంధన అక్కడ రాబోతోంది. మన దగ్గర అలాంటి షరతులు లేవు. 44 డిగ్రీల ఎండ కాసే దేశానికి ఆ అవసరం యూరప్ కన్నా ఎక్కువని నాకనిపిస్తుంది.

తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. ఉబ్బినదైతే గుచ్చకూడదు, నొక్కకూడదు, చార్జ్ చేయకూడదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. కాబట్టి మార్పించిన చోటే పాతది అప్పగించి, తీసుకుంటారా అని అడగండి. అందులోని కోబాల్ట్, లిథియంలను తిరిగి రాబట్టే పద్ధతుల మీద పనిచేస్తున్న జాతీయ లోహ పరిశోధనాశాల ఎక్కడో లేదు. 1950 నవంబరులో నెహ్రూ ప్రారంభించిన ఆ సంస్థ ఉన్నది ఇదే జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో.